నాన్న అడిగిన పేడ ప్రశ్న

నేను మాంసం మానేశానని ఇంట్లో చెప్పిన రోజు పెద్ద గొడవ అవుతుందని భయపడ్డాను. మాది రైతు కుటుంబం, పాడి పశువులూ గొర్రెలూ ఉన్న ఇల్లు, నా చదువుకి ఫీజులు కట్టింది కూడా ఆ పశువులే, అలాంటప్పుడు "ఇక నేను తినను" అంటే "మీరు చేసే పనే తప్పు" అన్నట్టు వినిపిస్తుందని నాకు తెలుసు. అన్నయ్య ఏమీ అనకుండా లేచి కొట్టంలోకి వెళ్లిపోయాడు. నాన్న మాత్రం కోప్పడలేదు. కాసేపు ఆలోచించి ఒక్కటే అడిగాడు. "సరేనమ్మా, అందరూ నీలాగే మానేస్తే పొలానికి పేడ ఎక్కడి నుంచి వస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. జంతువుల బాధ గురించి, వాతావరణం గురించి, ఆరోగ్యం గురించి ఎంతో చదివి, ఎవరు ఏమడిగినా చెప్పాలని సిద్ధపడి వచ్చినదాన్ని, ఎరువు గురించి మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇది జరిగి ఆరేళ్లయింది. నేను మళ్లీ మాంసం ముట్టలేదు, నాన్న ప్రశ్న కూడా నన్ను వదల్లేదు. శాకాహారం, వీగన్ (పాలు, గుడ్లు కూడా మానేయడం), మాంసాహారం అని ఎవరు వాదించుకుంటున్నా ఆ మాట అంతా వండిన తిండి దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది. రైతులు మాట్లాడితే అది మట్టి దగ్గర మొదలవుతుంది. ఈ ఆరేళ్లలో నేను చదివినదీ, పశువులు పెంచేవాళ్లతోనూ పంటలు మాత్రమే వేసేవాళ్లతోనూ మాట్లాడి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేడ సంగతే చూద్దాం. పంటకి ముఖ్యంగా కావలసిన పోషకం నైట్రోజన్, ఆవు తిన్న మేతలోని నైట్రోజన్‌లో నాలుగింట మూడు వంతుల దాకా పేడలో, మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. అంటే పశువు నైట్రోజన్‌ని పుట్టించదు, ఒకచోట తిని ఇంకోచోట వేస్తుంది. గట్టు మీద మేసి వచ్చి రాత్రి కొట్టంలో పేడ వేసిందంటే గట్టు సారం పొలానికి చేరిందన్నమాట. అసలు నైట్రోజన్‌ని గాలిలోంచి మట్టిలోకి దించేది బఠానీ, చిక్కుడు, క్లోవర్ (పశువుల మేతకి వేసే మొక్క) లాంటి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా. రెండో దారి ఫ్యాక్టరీ. 1909లో ఫ్రిట్జ్ హాబర్ గాలిలోని నైట్రోజన్‌ని అమ్మోనియాగా మార్చి చూపించాడు, 1913 కల్లా కార్ల్ బాష్ దాన్ని జర్మనీలోని ఒప్పావులో ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. ఇవాళ ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి ఆ పద్ధతిలో తయారైన ఎరువు మీదే ఆధారపడి ఉంది. దానికి ఎక్కువగా సహజవాయువు వాడతారు, ఆ ఖర్చు వాతావరణం మీద పడుతుంది.

ఇదంతా తెలిశాక నాన్నకి గొప్పగా ఫోన్ చేశాను. ఇంగ్లండ్‌లో ఇయాన్ టోల్‌హర్స్ట్ అనే రైతు ఉన్నాడు నాన్నా, ఏళ్ల తరబడి పశువుల ఎరువు చిటికెడు కూడా వేయకుండా, పచ్చిరొట్ట, చివికిన చెక్క తునకల మీదే కూరగాయలు పండిస్తున్నాడు, రసాయన ఎరువు కూడా లేదు అని చెప్పాను. నాన్న శ్రద్ధగా విన్నాడు. చాలా బాగుందన్నాడు. తర్వాత అడిగాడు, "పచ్చిరొట్ట వేసిన మడి ఆ ఏడాది దున్ని మట్టిలో కలిపేస్తాడు కదా, మరి ఆ ఏడాది ఆ మడి నుంచి అమ్ముకునేదేమిటి?"

ఇక్కడ రైతు లెక్క ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. నేలకి విశ్రాంతి ఇవ్వాలంటే క్లోవర్ లాంటిది వేయాలి, మనిషి దాన్ని తినలేడు. గొర్రె తింటుంది. అదే మడిలో గొర్రెని మేపితే నేలకి సారం వస్తుంది, రైతుకి ఆ ఏడాది కూడా ఎంతో కొంత ఆదాయం వస్తుంది. గొర్రె లేకపోతే ఆ ఏడాది ఖర్చు మొత్తం రైతు నెత్తిన పడుతుంది. నేరుగా కొనే వినియోగదారులు ఉండి, కూరగాయలకి మంచి ధర వచ్చే రైతు దాన్ని భరించగలడు. టోకున గింజలు అమ్ముకునే రైతు ఎలా భరిస్తాడు? పశువులు లేకుండా సాగు సాధ్యమే అని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతాను, కానీ ఆ ఖాళీ ఏడాదికి డబ్బు ఎవరిస్తారో చెప్పకుండా రైతుకి సలహా ఇవ్వడం మాత్రం మానేశాను.

ఇంకోటి, నేను ఊహించనిది, అన్నయ్య దగ్గర నేర్చుకున్నాను. కోతకి సిద్ధంగా ఉన్న పంట మీద వరసగా వాన పడింది ఒక ఏడు, గోధుమ వెన్నులోనే మొలకెత్తింది. మిల్లువాళ్లు చూసి వద్దన్నారు. మొలకెత్తిన గింజ పిండికి పనికిరాదు, రొట్టె పొంగదు. ఆ పంట మొత్తం దాణాకి పోయింది, ధర తక్కువే, కానీ పారబోయలేదు, అప్పు వడ్డీ అయినా కట్టుకున్నాం. మనుషుల తిండికి పెట్టే ప్రమాణాలు కఠినంగా ఉంటాయి, తేమ ఎక్కువైనా, ప్రొటీన్ తక్కువైనా, రంగు మారినా వెనక్కి పంపేస్తారు, అలా తిరిగొచ్చిన గింజకి పశువుల దాణా తప్ప వేరే దారి ఉండదు. పశువు రైతుకి ఒకరకంగా బీమా. మొక్కల ఆహారం గురించి రాసేవాళ్లు ఎవరైనా ఈ విషయం ప్రస్తావిస్తారేమో అని చాలా వెతికాను, దాదాపు ఎక్కడా కనపడలేదు.

అయితే రైతులు చెప్పేదంతా నేను ఒప్పుకోను.

పశువులు పెంచేవాళ్లు తరచూ చెప్పే మాట, "మనిషి తినలేని గడ్డిని ఆవు తిండిగా మారుస్తుంది" అని. ఇది నిజమే. నెమరువేసే జంతువు మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులు చొప్పలోని పీచుని కూడా అరిగించగలవు, మనకి ఆ శక్తి లేదు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ నిపుణులు 2017లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో పశువులు తినే మేతలో 86 శాతం మనుషులు తినలేనిదే, గడ్డి, చొప్ప, తవుడు, నూనె తీసిన చెక్క లాంటివి. ఈ అంకె పశుపోషకుల సభల్లో బాగా వినిపిస్తుంది. అదే లెక్కలో ఇంకో మాట కూడా ఉంది, అది ఎవరూ చదవరు. మిగిలిన 14 శాతంలోనే ప్రపంచంలో పండే ధాన్యంలో మూడో వంతు దాకా ఉంది. ఎముక లేని మాంసం ఒక కిలో రావాలంటే మనుషులు తినగలిగే గింజలే సగటున నెమరువేసే పశువులకి 2.8 కిలోలు, కోళ్లూ పందులకి 3.2 కిలోలు పెడుతున్నారు. సోయా పంటలో సుమారు నాలుగింట మూడు వంతులు దాణాకే పోతుంది. గట్టు మీద మేసే గొర్రెనీ, షెడ్డులో మొక్కజొన్నా సోయా తిని ఆరు వారాలకే కోతకి వచ్చే కోడినీ ఒకే మాటతో సమర్థించడం కుదరదు. గడ్డి గురించి గర్వంగా మాట్లాడే రైతు దాణా బస్తాల గురించి కూడా అంతే నిజాయితీగా మాట్లాడాలని నా కోరిక. అన్నయ్యతో ఈ విషయం మీదే రెండుసార్లు గట్టిగా పోట్లాడాను.

భూమి విషయంలో కూడా ఇలాంటిదే. ప్రపంచ వ్యవసాయ భూమిలో సుమారు మూడింట రెండు వంతులు పచ్చిక బయళ్లే, వాటిలో చాలా చోట్ల ఏటవాలు వల్లనో రాళ్ల వల్లనో వాన చాలకనో నాగలి దిగదు. అక్కడ బఠానీ వెయ్యమని చెప్పేవాళ్లు ఆ నేల మీద ఒక్కసారి నడిచి చూడాలి. కానీ పచ్చికలన్నీ పుట్టుకతో పచ్చికలు కావు, అమెజాన్‌లో అడవి నరికి చేసిన పచ్చిక కూడా ఆ లెక్కలోనే ఉంది. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే పరిశోధకులు 119 దేశాల్లోని సుమారు 38,700 వ్యవసాయ క్షేత్రాల సమాచారం తీసుకుని లెక్క కట్టారు. జంతువుల ఆహారం పూర్తిగా మానేస్తే వ్యవసాయానికి వాడే భూమి 76 శాతం తగ్గుతుందని వాళ్ల అంచనా. అదే పరిశోధనలో నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించినది వేరే ఉంది. ఒకే రకం గొడ్డుమాంసం తయారీలో ఎక్కువ నష్టం చేసేవాళ్లకీ తక్కువ చేసేవాళ్లకీ మధ్య వేడి పెంచే వాయువుల్లో 12 రెట్లు, భూమి వాడకంలో 50 రెట్లు తేడా వచ్చింది. మంచి రైతుకిది ఎంత పెద్ద విషయమో చూడండి, అతను ఎంత జాగ్రత్తగా పెంచినా బజార్లో అతని మాంసానికీ అడవి నరికినవాడి మాంసానికీ ఒకటే పేరు. అలాగని ఆ జాగ్రత్తగల రైతు గెలిచాడా అంటే అదీ లేదు, తక్కువ నష్టం చేసే గొడ్డుమాంసం కూడా బఠానీతో పోలిస్తే ఆరు రెట్లు వాయువులు వదులుతుంది. ఈ రెండో సగం చెప్పినప్పుడు అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు.

మీథేన్ గురించి క్లుప్తంగా. ఆవు తేన్పులో వచ్చే మీథేన్ గాలిలో సుమారు 12 ఏళ్లు ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్‌లా శతాబ్దాలు ఉండదు, కాబట్టి మంద పెరగకపోతే కొత్తగా చేరే వేడి పెద్దగా లేదు అని రైతులు చెప్పేదాంట్లో శాస్త్రం ఉంది. అదే శాస్త్రం ప్రకారం మంద తగ్గితే ఫలితం కూడా త్వరగా కనపడుతుంది. వాదనలో మొదటి సగాన్నే వాడుకోవడం న్యాయం కాదు.

ఇక నాకు అన్నిటికంటే కష్టంగా ఉండే విషయం పాలు.

మాంసం మానేసిన మొదటి రెండేళ్లు నేను పాలు, పెరుగు మానలేదు. ఏ జీవినీ చంపని తిండి తింటున్నానని మనసులో గట్టి నమ్మకం. ఒకరోజు కొట్టంలో చూడి పశువు ఈనింది, మగదూడ. అన్నయ్య దాని ఒళ్లు గడ్డితో తుడుస్తూ, నా వైపు చూడకుండానే, "నువ్వు తాగే పాలకి ఇది పుట్టాలి చెల్లీ, పుట్టింది, ఇప్పుడు దీన్ని ఏం చేద్దాం?" అని అడిగాడు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు. పాడి పశువు ఈనితేనే పాలు, ఈనిన దూడల్లో సగం మగవి, అవి పాలివ్వవు, పని చేయించే అవసరం పోయింది, ఇరవై ఏళ్లు బతికించి మేపే శక్తి ఏ రైతుకి ఉంటుంది? వట్టిపోయిన ఆవు సంగతీ అంతే. పాలు తాగి మాంసం తినని ఇంటి వెనకాల, ఆ మగదూడని కొనుక్కుని తినే ఇల్లు ఒకటి ఎక్కడో ఉండి తీరుతుంది. రైతులకి ఇది పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి, వాళ్లెవరూ మనకి చెప్పరు, మనం అడగం. ఆ దూడ పుట్టిన తర్వాత నెలలోనే నేను పాలు మానేశాను. అందరూ అలా చేయాలని అనను. కానీ పాలు తాగుతూ మాంసం తినేవాళ్లని, మాంసం కోసం పెంచేవాళ్లని తక్కువగా చూడడం మాత్రం తప్పని చెప్పగలను. (బీ12 సంగతి అడిగేవాళ్లకి: అది బాక్టీరియా తయారు చేసే విటమిన్, మొక్కల ఆహారంలో దొరకదు, నేను మాత్ర వేసుకుంటాను, మానేయాలనుకునేవాళ్లు దీన్ని అశ్రద్ధ చేయకండి.)

పంట మాత్రమే పండించే రైతులు కూడా నాతో ఒక మాట అన్నారు. మా పొలంలోనూ చావులున్నాయి అని. దుక్కిలో పోయే ప్రాణాలు, ఎలుకలకి పెట్టే మందు, పురుగుకి కొట్టే మందు, గింజలు తినే పందుల కోసం కంచె. దాణా కోసం కూడా ఆ పంటలే పండించాలి కాబట్టి మాంసం తింటే అవి తగ్గవు, పెరుగుతాయి. అయినా ఆ మాట విన్నాక నేను "రక్తం లేని తిండి" అనే మాట వాడడం లేదు.

డబ్బు గురించి రాయకపోతే ఇదంతా వృథా. గింజలు అమ్మితే ఏడాదికి ఒకసారో రెండుసార్లో డబ్బు, పాలు అమ్మితే రోజూ డబ్బు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే రెండు గొర్రెల్ని అమ్మొచ్చు, సగం పెరిగిన పంటని అమ్మలేం. కోళ్ల రైతుల పరిస్థితి ఇంకా దారుణం, చాలా దేశాల్లో కోళ్లు కంపెనీవి, దాణా కంపెనీది, షెడ్డూ ఆ షెడ్డు మీద అప్పూ రైతువి. అలాంటివాడిని "మనస్సాక్షి ప్రకారం వదిలెయ్" అంటే షెడ్డు అప్పు వదలదు కదా. అమెరికాలో 2019 నుంచి ట్రాన్స్‌ఫార్మేషన్ అనే ప్రాజెక్టు ఒకటి నడుస్తోంది, జంతు సంక్షేమం కోసం పనిచేసేవాళ్లే మొదలుపెట్టారు, కోళ్ల షెడ్లు ఉన్న రైతులు పుట్టగొడుగుల్లాంటి పంటలకి మారడానికి సాయం చేస్తున్నారు. తిట్టడం మాని పక్కన నిలబడ్డారు, అది నాకు చాలా నచ్చింది.

ప్రభుత్వాలు కూడా రెండు రకాలుగా చేసి చూపించాయి. నెదర్లాండ్స్‌లో దశాబ్దాల పాటు పశువుల్ని ఇంకా పెంచండి, ఇంకా ఎగుమతి చేయండి అని రైతుల్ని ముందుకి తోశారు, బ్యాంకులు అప్పులిచ్చాయి, 2019 మేలో నైట్రోజన్ కాలుష్యం మీద అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం తీర్పు వచ్చేసరికి మందని సగానికి తగ్గించాలనే మాట ఒక పార్లమెంటు సభ్యుడి నుంచే వినపడింది, ఆ అక్టోబరులో రైతుల ట్రాక్టర్లు ప్రభుత్వం ఉండే హేగ్ నగరం రోడ్లని నింపేశాయి. కాలుష్యం నిజమే. కానీ నిన్నటిదాకా భుజం తట్టినవాళ్లే ఇవాళ దోషివి అంటే ఏ మనిషికైనా కడుపు మండుతుంది. డెన్మార్క్ వేరే దారి పట్టింది. మొక్కల ఆహారం కోసం 2023లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది, 2024లో రైతు సంఘాలు, పర్యావరణ సంస్థలు, ప్రభుత్వం ఒకచోట కూర్చుని 2030 నుంచి పశువుల ఉద్గారాల మీద పన్ను వేయడానికి ఒప్పుకున్నారు, మొదట్లో వచ్చే పన్ను డబ్బు వ్యవసాయం మారడానికే తిరిగి ఇస్తామన్నారు. అక్కడ కూడా రైతులందరూ సంతోషంగా లేరు. కానీ వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడారు, గడువు ముందుగా చెప్పారు.

తమంతట తామే మారిన రైతులూ ఉన్నారు. హోవర్డ్ లైమన్ అమెరికాలోని మోంటానాలో నాలుగో తరం పశువుల రైతు, మాంసం మానేసి, 1996లో ఓప్రా విన్‌ఫ్రే అనే ప్రఖ్యాత వ్యాఖ్యాత టీవీ కార్యక్రమంలో కూర్చుని పశువులకి పశువుల్నే దాణాగా పెడుతున్నారని బయటపెట్టాడు, టెక్సాస్ పశుపోషకులు అతని మీదా ఓప్రా విన్‌ఫ్రే మీదా కేసు వేసి 1998లో ఓడిపోయారు. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో జే వైల్డ్ తండ్రి నుంచి వచ్చిన మందని కబేళాకి పంపలేక 2017లో అందులో ఎక్కువ భాగాన్ని ఒక జంతు ఆశ్రయానికి ఇచ్చేశాడు. అలాంటి పని చేసిన రైతుని ఇరుగుపొరుగు ఎలా చూస్తారో నాకు తెలుసు, నేను రైతుని కూడా కాదు, ఊరికే మానేసినందుకే చుట్టాల దగ్గర ఎన్ని మాటలు పడ్డానో. అంత ధైర్యం అందరి నుంచీ ఆశించలేం. పశువుని రోజూ చూసుకునేవాడికి దాని మీద ప్రేమ ఉండదని అనుకునేవాళ్లు మాత్రం, దాన్ని బండి ఎక్కించిన సాయంత్రం మా నాన్న అన్నం దగ్గర ఎలా కూర్చుంటాడో చూస్తే ఆ మాట అనరు.

పోయిన ఏడాది అన్నయ్య మందలో కొన్నిటిని తగ్గించాడు. నా కోసం కాదు, దాణా ఖర్చు భరించలేక. ఖాళీ అయిన రెండు మళ్లలో బఠానీ వేశాడు, మొక్కల ప్రొటీన్ తీసే మిల్లు ఒకటి ఒక్క పంటకి ఒప్పందం రాసింది, తర్వాతి పంటకి చూద్దాం అన్నారట. ఈసారి నేను వెళ్లినప్పుడు నాన్న నన్ను ఆ మడిలోకి తీసుకెళ్లి ఒక మొక్కని వేళ్లతో సహా పీకి, బుడిపెని గోటితో చీల్చి చూపించాడు. లోపల ఎర్రగా ఉంది, అంటే పని చేస్తోందన్నమాట, నైట్రోజన్ పడుతోంది. ఆ ఎరుపుకి కారణం లెగ్‌హీమోగ్లోబిన్, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కి చుట్టం, సోయా వేళ్లలో ఉండే అదే పదార్థాన్ని ఈస్ట్‌తో తయారు చేసి మొక్కల బర్గర్‌కి మాంసం రంగూ రుచీ తెస్తున్నారు నాన్నా అని చెప్పాను. వేలికి అంటిన ఎరుపుని చాలాసేపు చూశాడు. "దీంతోనా?" అన్నాడు.

కోత ఇంకో మూడు వారాలు. మిల్లువాళ్లు తేమ పద్నాలుగు శాతం దాటితే తీసుకోం అన్నారు. దాటితే ఏం చేయాలో అన్నయ్య ఇంకా తేల్చుకోలేదు, దాణాకి వాడుకుందామంటే కొట్టంలో ఇప్పుడు తినే నోళ్లు తక్కువ. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి వాన పడిందా అని అడుగుతున్నాను.